గబ్బిలాల నబీ సాహెబు

నబీ సాహెబును దొంగ అని మొట్టమొదట అన్నది నేనే. ఇంకెవురో కాదు. ఊర్లో ఎవురినడిగినా చెప్తారు. వాళ్లు చెప్పేలోపల నేనే చెప్పుకుంటే నాకు కొంచెం నిమ్మళం.

నా పేరు సుబ్బరత్నమ్మ. బనగానపల్లె నుంచి ఆరు మైళ్లు లోపలికి వస్తే మా తోట. ఇప్పుడు నంద్యాల జిల్లా అని బోర్డులు మార్చినారు గానీ నా నోటికి కర్నూలు జిల్లా అనే వస్తాది. పన్నెండెకరాల మామిడి, దాదాపు అంతా బేనీషా, మీరు బంగినపల్లి అంటారే అదే. నాకు ముప్పై నాలుగేండ్లప్పుడు మా ఆయన గుండె ఆగి పోయినాడు. "ఆడమనిషి తోట ఏం చూసుకుంటాది, గుత్తకిచ్చెయ్" అన్నారు మా బావలు. "ముందు మీ తోటలు మీరు చూసుకోండప్పా" అన్నా. ఆ పొద్దు తెరిచిన నోరు ఇప్పటికీ మూయలేదు. ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. ఈ కోపం లేకుంటే నాకు తోట మిగిలేది కాదు. ఈ కోపం ఉండబట్టే ఒక మంచి మనిషి పద్నాలుగేండ్లు తల దించుకుని తిరిగినాడు. రెండూ నిజమే, ఒకటి చెప్పి ఒకటి దాచలేను.

నబీ మాకాడికి పనికొచ్చినప్పుడు ఇరవై రెండేండ్లోడు. సన్నగా, పొడుగ్గా, చెవి మీద బీడీ పెట్టుకుని వచ్చి నిలబడినాడు. వాళ్ల నాయన బేతంచెర్ల పక్క నాప బండల గనిలో పనిచేసి, దుమ్ము మింగి మింగి, దగ్గుతోనే పోయినాడంట. "నాకు ఆ రాతి దుమ్ము వద్దమ్మా. చెట్టు కింద పనియ్యి, ఏదైనా చేస్తా" అన్నాడు. "నా తోటలో బీడీ తాగితే చెప్పుతో కొడతా" అన్నా. చెవి మీది బీడీ తీసి ఆడనే నలిపేసినాడు. మల్లా తాగింది నేను చూడలేదు. తోటకు కావలి పెట్టుకున్నా.

కావలి అంటే కట్టె పట్టుకుని కోతుల్ని తోలేదే అనుకుంటారు. నబీ అట్ల కాదు. తెల్లారేతలికి చెట్టు చెట్టు కిందికీ పోయి, రాత్రి గబ్బిలాలు కొరికి పారేసిన కాయల్ని ఏరుతాడు. చేతిలో తిప్పి తిప్పి చూస్తాడు. పండ్ల గాటు ఎంత లోతు దిగింది, లోపల రంగు తిరిగిందా, సొన ఎంత కారింది. చూసి, నాకాడికొచ్చి, "పడమటి దిక్కు మూడు సాళ్లకు ఇంక నాలుగు దినాలు ఆగాలమ్మా, బావి దిక్కు రేపే కోపియ్యొచ్చు" అంటాడు. మామిడి రైతుకు బతుకంతా ఆ ఒక్క మాటలోనే ఉంటాది. ముందు కోస్తే కాయ పుల్లగా ముడుచుకుపోతాది, ఆలస్యమైతే దావలోనే మెత్తబడతాది. గబ్బిలానికి కాయ లోపల ఏముందో మనకంటే ముందే తెలుసు, అది ఏం చెప్తాండాదో నబీకి తెలుసు. కొరికిన కాయ మాత్రం మనిషి నోట పెట్టకూడదు, ఏరి గుంతలో పూడ్చాల. ఆ కట్టుబాటు కూడా నబీదే.

సుబ్బరత్నమ్మ తోట కాయ ఎప్పుడూ పచ్చిది రాదు అని మార్కెట్టులో పేరొచ్చింది. ఆ పేరు నేను హాయిగా భుజానేసుకుని తిరిగినా. ఒక్క దినమైనా "ఇది మా నబీ చలువ" అన్న్యానా? అనలేదు.

పెండ్లి కూడా నా తోటలోనే కుదిరింది. కోసిగి పక్క వానలు లేవంటే ఊర్లకు ఊర్లే పని వెతుక్కుంటూ కదులుతాయి, దాన్ని సుగ్గికి పోవడమంటారు. అట్ల సుగ్గికి వచ్చిన గుంపులో హుసేనమ్మ అనే పిల్ల. కాయల గంప ఎత్తుకుంటే దానంత బిర్రుగా నడిచేది ఇంకొకతె లేదు. నోరు కూడా నా మాదిరే. ఒకసారి కాయ కింద పడేసిందని నేను అరిస్తే, "గంప నిండా ఏసి ఎత్తమంటివి, నీ చేతులతో ఎత్తి చూడు, నీకే తెలుస్తాది" అనింది. నబీ నవ్వుతా నిలబడినాడు. ఆ నవ్వు చూసి నేనే మధ్యలో మాట కలిపి, నిఖా దినం ఊరందరికీ అన్నం పెట్టించినా. అంత చేసినదాన్ని, అంతకంత చెడగొట్టినా.

ఎట్లనో చెప్తా. మా బావి పక్కన ఒక నాటు మామిడి చెట్టుండాది. కాయ కోడిగుడ్డంత, పండితే చేతిలో పిసికి నోట్లో పెట్టుకుంటే ఆ తీపికి కండ్లు మూతలు పడతాయి. మా మామ కాలంలో గట్టి కరువొచ్చినప్పుడు తొమ్మిది ఇండ్లోళ్లు కూలి అడక్కుండా, ఒక పూట సంగటి తిని ఆ బావి తవ్వినారు. నీళ్లు పడినాక మా మామ ఒక ఏర్పాటు చేసినాడు. బావి గట్టున చెట్టు పెట్టి, దాని తొలి కాయ ప్రతి ఏడూ ఆ తొమ్మిది ఇండ్లకు పోవాల, ఆ తరువాతే మన ఇంట్లో తినాల అన్నాడు. మా అత్త పాటించింది, నేనూ పాటించినా. ఇంత వరకు తప్పలేదు, ఆ ఒక్క ఏడు తప్ప.

పద్నాలుగేండ్ల కిందటి మాట. వానల్లేవు, మిట్టల మీద చెట్టు చేమ అంతా మాడి ఉండాది. నాటు చెట్టు మాత్రం బావి తేమకు విరగకాసింది. శుక్రవారం తొలికోత, రమ్మని తొమ్మిది ఇండ్లకూ చెప్పి పంపించినా. వాళ్లు సంచులు పట్టుకుని వచ్చినారు. చెట్టు కిందికి పోయి చూస్తే కాయ లేదు. పెద్ద తోట కోతల్లో పడి ఎవురమూ ఆ పక్క చూడలేదు, నాలుగైదు రాత్రుల్లో చెట్టు సగానికి పైన ఊడ్చినట్లు పోయింది. మిగిలిందేదో పైకొమ్మన పిందె. కింద ఒక్క టెంక లేదు, ఒక్క తొక్క లేదు.

"కాయ యాడ పోయింది నబీ?" అన్నా.

"గబ్బిలాలు ఎత్తకపోయినాయేమోనమ్మా. ఈ వారం శానా దిగినాయి" అన్నాడు.

"గబ్బిలం ఆడనే కొరికి ఆడనే పారేస్తాదని నాకు నేర్పించింది నువ్వే గదరా! పంతొమ్మిదేండ్ల నుంచి అదే గదా చూపిస్తాండావు. ఏదీ, ఒక్క కొరికిన కాయ చూపించు. ఒక్క టెంక చూపించు!"

ఆయప్ప వంగి చెట్టు చుట్టూ చూసినాడు. ఆయప్పకూ అర్థం కాలేదు, ఆ మొహం ఇప్పటికీ నాకు కనపడతాది. నాకు తల కొట్టేసినట్లయింది. తొమ్మిది ఇండ్లోళ్ల ముందర మా మామ మాట పోయిందే అని. "దొంగను తెచ్చి నా తోటలో పడుకోబెట్టుకున్న్యా. పంతొమ్మిదేండ్లు అన్నం పెట్టినా దొంగకు!" అని అరిచినా.

"అంత మాట అనొద్దమ్మా" అన్నాడు. అంతే. మరుసటి దినం తెల్లారేతలికి మోటారు గది తాళంచెవి మా అరుగు మీద ఉండాది, నబీ లేడు. ఏ రాతి దుమ్ము వద్దని నాకాడికి వచ్చినాడో, ఆ దుమ్ములోకే పోయినాడు. బండలు కోసే చోట పనికి కుదిరి, దినామూ పోయి వస్తాండాడని విన్న్యా.

ఇల్లు మాత్రం మా ఊర్లోనే, వాననీళ్లు పారే వంక పక్క వీధిలో. నేనన్న మాట కూడా ఊర్లోనే ఉండిపోయింది. అంతకు ముందు తోట నబీ అనేవాళ్లు, ఆ తరువాత దొంగ నబీ అన్నారు. వాళ్ల కూతురు ఫిరోజాను బడిలో "దొంగ నబీ కూతురా" అని పిలిచినారంట. ఆ పిల్ల తలకాయ ఎత్తకుండా చదువుకుని ఇప్పుడు కడపలో నర్సు. పండగకు వస్తే మా వీధి గుండా రాదు, చుట్టు తిరిగి పోతాది. హుసేనమ్మ నన్ను చూస్తే కొంగు సర్దుకుని మొహం తిప్పుకుంటాది. నేను కూడా ఏం తక్కువ తినలేదులే, నేనూ తిప్పుకుంటి.

ఇంతవరకు నాకు తెలిసిన సంగతి. నాకు తెలియంది ఇంకోటి జరగతా ఉండాది.

పని నుంచి వచ్చి, మొహం కడుక్కుని, ప్రతి సందేలా నబీ వంక గట్టు మీద నిలబడతాండాడు. గబ్బిలాలు ఏ దిక్కు నుంచి లేస్తాండాయి, యాడికి పోతాండాయి, యాడ దిగతాండాయి అని చూసేకి. "ఊరికి చెప్పేకి కాదమ్మా, నాకు తెలియాల గదా. నేనెట్ల తప్పు చెప్పినానో నాకు అర్థం కాలేదు" అన్నాడు తరువాత నాతో. ఒక ఏడు కాదు, రెండేండ్లు కాదు. వంక ఎగువన చింతతోపులో అవి పగలంతా వేలాడతాయని, పాతబడిన బండల గని పగుళ్లలో పురుగుల్ని తినే చిన్నవి వేరే ఉండాయని, ఏ నెలలో పిల్లల్ని పెడతాయని, అన్నీ అట్ల నిలబడే తెలుసుకున్న్యాడు.

మూడేండ్ల కిందట నంద్యాల నుంచి సాహితి అని ఒక లెక్చరర్ పాప వచ్చింది. గబ్బిలాల మీద చదువుతాండాదంట. తోపులో నబీని చూసి మాట కలిపి, ఆ పొద్దు నుంచి వదల్లేదు. ఇద్దరూ కలిసి నెలకోసారి, రెండో శనివారం సందేల, కాలేజీ పిల్లోళ్లను, టౌనోళ్లను తోలుకుని గబ్బిలాలు చూపించే నడక మొదలుపెట్టినారు. పాప ఏర్పాట్లు చూస్తాది, దావ చూపించి చెప్పేది నబీ.

పోయిన వేసవిలో పాప పంచాయితీకి అర్జీ పెట్టింది. చింతతోపుకు నబీ సాహెబును కావలిగా పెట్టండి, ఊరి తరపున ఆయన్నే నడక మనిషిగా తీర్మానం చెయ్యండి అని. ఆయప్ప ఊపిరి కూడా బాగలేదు, ఇంకో ఏడు దుమ్ములో పనిచేస్తే వాళ్ల నాయన దావే అని డాక్టరు చెప్పినాడంట. మీటింగులో ఎవురో లేచి, "దొంగ నబీ చేతికా కావలి?" అన్నారు. అందరూ నవ్వినారు. చివరకు, "మాదేముందమ్మా, అన్నది సుబ్బరత్నమ్మ. ఆయమ్మ సరే అని సంతకం పెడితే మాకూ సరే" అని తేల్చినారు.

ఆ కాగితం పట్టుకుని సాహితి మా ఇంటికొచ్చింది. నేను ఒంటికాలి మీద లేచినా. "నన్ను మోసం చేసినోనికి నేను సంతకం పెట్టాల్నా? ఏం పాపా, ఎండ తగిలిందా నీకు?" అన్నా.

ఆ పాప బెదరలేదు. "సంతకం పెట్టొద్దు పెద్దమ్మా. ఈ శనివారం ఒక్కసారి నడకకు రండి. చూసి, నచ్చకుంటే కాగితం మీ చేతులతోనే చించెయ్యండి" అనింది.

"వస్తా! చించేకే వస్తా" అన్నా.

శనివారం సందేల ఆరింటికి వంక కాడికి పోయినా. ఇరవై మంది దాకా ఉండారు. నబీని అంత దగ్గరగా చూసి పద్నాలుగేండ్లు. జుట్టంతా నెరిసిపోయింది, మాట్లాడితే మధ్యలో గస వస్తాండాది. చేతిలో టార్చిలైటు, గబ్బిలాలు బెదరకుండా దాని అద్దానికి ఎర్ర గుడ్డ కట్టినాడు. నన్ను చూసి, "రాండమ్మా" అన్నాడు. హుసేనమ్మ కూడా ఉండాది, వచ్చినోళ్ల కోసం నీళ్ల క్యాను మోసుకుని. నా పక్క చూడలేదు.

"అరవకూడదు, రాళ్లు విసరకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు. అవి మన ఇంటికి రాలేదు, మనమే వాటింటికి పోతాండాం" అని నబీ ముందే చెప్పినాడు. గొంతు చిన్నదే గానీ కాలేజీ పిల్లోళ్లు కూడా ఫోన్లు జేబులో పెట్టేసినారు.

మొదట పాత బండల గని. పొద్దు గూకతానే ఆ పగుళ్లలోంచి చిన్నవి ఒకటి, రెండు, ఆ తరువాత లెక్క తెలియకుండా జలజలా వచ్చినాయి. చెంపలకు గాలి తగిలింది గానీ ఒక్కటీ మనిషిని తాకలేదు. "ఇవి పురుగుల్ని, దోమల్ని తింటాయి. మీ వరి మీద పురుగుకు మందు మీరు పగలు కొడతారు, ఇవి రాత్రి కొడతాయి" అన్నాడు. అందరూ నవ్వినారు. నాకూ నవ్వొచ్చింది, మింగేసినా.

ఆ తరువాత చింతతోపు. అంత పెద్ద గబ్బిలాలు అన్ని ఒక్క చోట నేనెప్పుడూ చూడలేదు. ఆ ఉక్కకు రెక్కలు విసనకర్రల మాదిరి ఊపుకుంటా వేలాడతాండాయి. ఒక తల్లి రొమ్ముకు పిల్ల కరుచుకుని ఉండాది, తల్లి దాన్ని రెక్కతో కప్పింది. "సంవత్సరానికి ఒక్కటే పిల్ల. అది పోతే ఆ తల్లికి ఆ ఏడంతా ఏమీ లేదు" అన్నాడు నబీ. చీకటి పడేలోపల అవి ఒకదానెనక ఒకటి లేచినాయి. మా ఊరి పక్కకు, మా తోట పక్కకు. ఆ లేవడం తల ఎత్తి చూస్తానే ఉండిపోయినా, నిజం చెప్తాండా. దినామూ నా తలకాయ మీదనే పోయినాయి, నేను మాత్రం ఎప్పుడూ కాయల పక్కే చూస్తి.

నడక అయిపోయిందనుకున్న్యా. నబీ ఇంకో చోటికి తీసుకపోయినాడు. వంక అవతల గట్టున ఒక వేపచెట్టు. ఆడ నిలబడితే మా తోట కంచె కనపడతాది, ఫర్లాంగు దూరం కూడా లేదు. టార్చిలైటు కిందికి వేసినాడు. నేలంతా నమిలి ఊసిన పిప్పి, బాదంకాయలు, ఆ మధ్యలో చిన్న చిన్న మామిడి టెంకలు.

"కాయ పెద్దదైతే గబ్బిలం ఎత్తలేదు. చెట్టు మీదనే కొరికి, కాయ బరువుకు కింద పడేస్తాది. చిన్నదైతే నోట కరుచుకుని, ఇంకో చెట్టుకు పోయి నిమ్మళంగా తింటాది. ఒక కావలోడు శానా ఏండ్లు పెద్ద కాయల తోటలోనే పనిచేసి, గబ్బిలం అంతా అట్లే అనుకున్న్యాడు. సగమే తెలుసుకుని, అంతా తెలుసనుకున్న్యాడు" అన్నాడు.

ఎవురి తోట, ఏ కావలి అని చెప్పలేదు. నా పక్క చూడను కూడా చూడలేదు. నా సంగతే చెప్తాండాడని తెలిసిపోయింది. అయినా నా బుద్ధి చూడండి, అప్పుడు కూడా లోపల ఒక మాట తిరగతాండాది. ఈ టెంకలు ఎవురైనా తెచ్చి పోయొచ్చు గదా అని.

అంతలో పైన రెక్కల చప్పుడు. "కదలొద్దండి" అన్నాడు నబీ. ఎర్ర వెలుగు మెల్లగా పైకి పోయింది. మా తోట పక్క నుంచి ఒక గబ్బిలం వచ్చి కొమ్మకు తలకిందులుగా పట్టుకుంది. నోట్లో కాయ. కోడిగుడ్డంత కాయ. కాలితో పట్టుకుని చప్పరిస్తాండాది, ఆ చప్పుడు వినపడతాండాది. అది పిండుకుని తిని వదిలేసింది. టెంక నా కాళ్ల కాడ పడింది. తొక్క వాసన నా ముక్కుకు తగిలింది. నలభై ఏండ్ల నుంచి నేను పిసికి తింటాండే కాయ, నాకు ఎవురు చెప్పాల అది ఏ చెట్టుదో?

నేను ఆడనే కింద కూలబడిపోయినా. సాహితి "పెద్దమ్మా!" అని వచ్చి పట్టుకునింది. "ఏం కాలేదు పాపా, వదులు" అని, నబీ పక్క తిరిగినా. "నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నా.

"మరుసటి ఏడేనమ్మా."

"మరి వచ్చి నా మొహాన పోయకపోయినావా ఈ టెంకలు?"

హుసేనమ్మ ముందుకొచ్చింది. పద్నాలుగేండ్లకు నాతో మాట. "నేను సంచికి ఎత్తినా. నీ గడపలో కుమ్మరిస్తానని లేసినా. ఈయప్పే పోనియ్యలేదు. తిన్న టెంకలు దాచిపెట్టి ఇప్పుడు తెచ్చినారు అంటావు, ఇంకో మాట ఎక్కువ పడాల, వద్దు అన్నాడు. అనేదానివా కాదా? చెప్పు."

అనేదాన్నే. ఇంతకు ముందు మనసులో అననే అన్న్యా.

"తప్పు చేసినా హుసేనమ్మా. ఏం చేయమంటే అది చేస్తా" అన్నా, అందరి ముందర.

"దుడ్లు గిడ్లు అనొద్దు, మాకొద్దు. తొమ్మిది ఇండ్లోళ్ల ముందర అంటివి. ఆ తొమ్మిది ఇండ్లకు పోయి చెప్పు. నేను నీ ఎనకనే వస్తా. నువ్వు చెప్పేది నా చెవులతో నేను వినాల" అనింది.

మరుసటి దినం పొద్దున్నే బయల్దేరినాం. నేను ముందర, హుసేనమ్మ నాలుగడుగుల ఎనక. మొదటి ఇల్లు సుంకమ్మది. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తాండాది. "సుంకమ్మా, నబీ దొంగ కాదు. కాయ గబ్బిలాలు ఎత్తకపోయినాయి, నా కండ్లతో చూసినా. తప్పు మాట అన్నది నేను" అన్నా. సుంకమ్మ నన్ను చూసి, నా ఎనక హుసేనమ్మను చూసి, "సరేలేమ్మా" అని గింజలు తీసుకుంటా ఉండిపోయింది. ఇంత చెప్తే సరేలేమ్మా అంటుందేంది అని నాకు చురుక్కుమనింది. రెండో ఇంట్లోనూ అంతే, మూడో ఇంట్లోనూ అంతే. ఎవురూ ఆశ్చర్యపోరు, ఎవురూ అవునా అని అడగరు. నేను తల తీసి అరుగు మీద పెడతాంటే, కూరగాయలు తీసుకున్నట్లు తీసుకుంటాండారు.

తొమ్మిదో ఇల్లు గిడ్డయ్యది. ఎనభై దాటిన మనిషి, బావి తవ్వినోళ్లలో చిన్నవాడు, ఇప్పుడు మిగిలింది ఆయప్పే. మంచంలో లేచి కూర్చుని అంతా విన్న్యాడు. విని, "ఇది చెప్పేకి ఇంత ఎండలో వస్తివా తల్లీ? నబీ దొంగ కాదని ఆ పొద్దే తెలుసు మాకు" అన్నాడు.

"తెలుసా? తెలిస్తే ఒక్కరైనా నాతో చెప్పకపోయినారే!"

"నీతో ఎవురు చెప్తారమ్మా? నీ నోటికి జడిసి ఊరకుంటిమి. నువ్వు దొంగ అంటివి గదా, మేమూ అంటిమి."

నాకు కోపమొచ్చింది, ఎవురి మీద చూపించాల్నో తెలియలేదు. ఎనక్కి తిరిగితే హుసేనమ్మ గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తాండాది. నా మాట విని కాదు, గిడ్డయ్య మాట విని. మొగుడు దొంగ కాదని తెలిసే ఇంతమంది ఆయప్పను దొంగ అని పిలిచినారే అని.

ఆ సందేల పంచాయితీ కాగితం మీద సంతకం పెట్టి, నేనే పట్టుకుని వంక పక్క వీధికి పోయినా. నబీ వాకిట్లో నిలబడి ఉండాడు. కాగితం చేతిలో పెట్టినా. ఎన్నో చెప్పాలని పోయినా గానీ నోటికి వచ్చింది ఒకటే. "నబీ సాహెబూ, నువ్వు దొంగ కాదని ఊరంతటికీ తెలుసంట. నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలుసమ్మా" అన్నాడు, కాగితం మడుచుకుంటా. "శానామంది నా చెవిలో చెప్పినారు, నువ్వు అట్లాంటోనివి కాదని మాకు తెలుసులేప్పా అని. దొంగ కాదని వీధిలో నిలబడి గట్టిగా చెప్పింది నువ్వొక్కదానివే."

దొంగ అన్నదాన్ని నేను. నాకు కృతజ్ఞత చెప్తాండాడు ఆయప్ప! నా తోటకు పేరు తెచ్చినోడు, నేను చేసిన గాయాన్ని పట్టుకుని కుళ్లిపోకుండా పద్నాలుగేండ్లు ఆకాశం చూసి చదువుకున్నోడు, నేను చచ్చేలోపల నా తప్పు నాకు చూపించినోడు. నేను గదా ఆయప్పకు చేతులెత్తి మొక్కాల. మొక్కినా. ఆ వీధిలో, అందరూ చూస్తాంటే, నిలబడి బోరుమని ఏడ్చినా.

హుసేనమ్మ తలుపు కాడికొచ్చింది. "వీధిలో ఏడుపేంది, లోపలికి రా" అనింది. చెప్పులు విప్పి పోయినా. వాళ్ల పెండ్లి నేనే చేసినా, వాళ్ల పరువు నేనే తీసినా. ముప్పై మూడేండ్లలో వాళ్లింటి గడప నేను దాటింది ఆ పొద్దే.